హిలారియోను కాల్చిన చట్టం

1897 డిసెంబర్ 18, శనివారం. సియెగో దే ఆవిలా

మొన్న గురువారం ఉదయం పదకొండు గంటలకు మేజర్ ల్యోరెంతెను తిరుగుబాటు సేన కాల్చి చంపింది. స్పెయిన్ సేన కాపలా గీతకు తూర్పున నాలుగు కోసుల దూరంలో, తగలబడిన చెరకు తోట గట్టు మీద. ఆయన తీసుకువెళ్లింది ఒక ఉత్తరం. క్యూబాకు స్వపరిపాలన ఇస్తాం, స్పెయిన్ జెండా కిందే ఉండండి, ఆయుధాలు దించండి అని అందులో ఉంది. గుర్రం ఒక్కటే ఇవాళ మధ్యాహ్నం బురుజు దగ్గరికి తిరిగి వచ్చింది. జీనుకు తీర్పు నకలు కట్టి ఉంది.

నకలు నాకు చూపించి వెనక్కి తీసుకున్నారు. చేతిరాత చక్కగా ఉంది. వరసలు వంకర పోలేదు. చివరి మాట తర్వాత మిగిలిన ఖాళీలో ఎవరూ ఏమీ చేర్చకుండా అడ్డంగా గీత గీసి, కొసన కలంతోనే ముడి వేశారు.

మా పత్రికకు పదకొండు వరసలు రాసి ఇచ్చాను. సెన్సారు రెండు మిగిల్చాడు: మేజర్ ల్యోరెంతె విధి నిర్వహణలో మరణించారు. వారి ఆత్మకు శాంతి.

కొట్టేసిన వాటిలో చట్టం సంగతి ఉంది. పూర్తి స్వాతంత్ర్యం తప్ప వేరే ఏ షరతు మీదైనా, నోటితో గాని రాతతో గాని, సంధి మాట తెచ్చినవాడిని విచారించి కాల్చాలి. ఇది ఈ యుద్ధంలో పుట్టింది కాదు. ఇరవై ఏళ్ల కిందటి పెద్ద యుద్ధం నాటిది. అప్పుడు తిరుగుబాటు సేనలో లేఖరిగా దాని నకళ్లు పద్నాలుగు నేనే రాశాను.

డిసెంబర్ 19, ఆదివారం

ఎదెల్మీరా రెండు చిలగడదుంపలు తెచ్చింది. నా భార్య చెల్లెలు. రైలు పట్టాల అవతల సిపాయిల బట్టలు ఉతికి బతుకుతుంది. నా భార్య పోయి ఎనిమిదేళ్లయినా నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఈమే.

“మేజరు చావు గురించి ఊరు ఊరంతా చెప్పుకుంటుంటే నీ పేపర్లో రెండు ముక్కలేనా బావా? అంతమాత్రానికి నువ్వెందుకు, చర్చి గంట చాలదూ?”

“మిగతావి కొట్టేశారు.”

“నువ్వు రాసిందే రెండు ముక్కలేమో. మా అక్క అనేది, నీ గొంతులో సగం మాటలు బయటికే రావని.”

“ఆ కాగితం మీద రాత...” అన్నాను.

“ఏం, రాతకేమైంది?”

“ఏం లేదు.”

చర్చి అరుగు మీద ఇవాళ ఆరుగురు. స్పెయిన్ సేన పల్లెల నుంచి తోలుకొచ్చి ఊళ్లో పెట్టినవాళ్లు. పొద్దున ఆరుగురూ కూర్చునే ఉన్నారు. సాయంత్రానికి నలుగురు కూర్చుని ఉన్నారు.

డిసెంబర్ 21, మంగళవారం

పత్రిక యజమాని దోన్ ప్రాక్సెదెస్ పిలిచాడు. ఆరిపోయిన చుట్టను వేళ్ల మధ్య తిప్పుతూ మాట్లాడతాడు.

“అనిసెతో గారూ, పెద్ద యుద్ధాన్నీ ఈ యుద్ధాన్నీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాయండి. ఈ ఊళ్లో రెండూ చూసినవారు మీరొక్కరే.”

“రెండోది నేను చూడలేదండీ. కిటికీలోంచి వింటున్నాను.”

“అది చాలు. సారాంశం నేను చెబుతాను. అప్పుడు పదేళ్లు కొట్టుకున్నారు, ఆఖరికి సంతకం పెట్టారు. ఇప్పుడు మూడేళ్లు కావస్తోంది. స్పెయిన్ అడగకుండానే స్వపరిపాలన ఇస్తోంది. కనుక ఇప్పుడూ పెడతారు.”

“సారాంశం మీ దగ్గరే ఉంటే ఇక వ్యాసం దేనికి?”

“కింద మీ పేరు కోసం. ఒకసారి సంధికి చెయ్యెత్తినవారు చెబితే జనం నమ్ముతారు.”

మర్యాదగానే అన్నాడు. నేనూ మర్యాదగానే తల ఊపాను.

సాయంత్రం రాసుకున్న ముక్కలు:

పెద్ద యుద్ధం '68లో మొదలై '78లో ముగిసింది. తూర్పు దాటి పెద్దగా రాలేదు. గీత దాటి పడమటి చెరకు సీమకు పోవాలని ఏళ్ల తరబడి ప్రయత్నించాం. కొద్దిమంది దాటారు, నిలవలేకపోయారు. ఆనాడు గీత అంటే దక్షిణ సముద్రం నుంచి ఉత్తర సముద్రం దాకా అడవి నరికిన దారి, కందకం, తాటిమొద్దుల కోటలు, వాటిలో జ్వరంతో వణికే సిపాయిలు. అంత మాత్రపు గీత మమ్మల్ని ఆపింది. నిజానికి ఆపింది గీత కాదు. ఒక జిల్లావాళ్లు ఇంకో జిల్లా నాయకుడి కింద పోరాడబోమన్నారు. తోటల యజమానులు తోటలు కాల్చనివ్వలేదు.

ఈ యుద్ధంలో దండు '95 నవంబర్ 29న ఇక్కడికి దగ్గరలోనే గీత దాటి, రెండు నెలల్లో ద్వీపం పడమటి కొసకు చేరింది. దారిలో చెరకు కాల్చుకుంటూ పోయింది. ఆనాటి బానిసల కొడుకులు ఈనాడు కెప్టెన్లు. వాళ్లు దాటిపోయాక స్పెయిన్ రాతి బురుజులు కట్టింది, ముళ్లతీగ చుట్టింది, పట్టాల పక్కన దీపాలు పెట్టింది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు. (సెన్సారు ఒప్పుకోడు.)

ఆ దండుతోనే మా అమ్మాయి నియెవెస్ వెళ్లింది. శుక్రవారం. వ్యాసానికి అనవసరం.

డిసెంబర్ 23, గురువారం

వ్యాసం మూడుసార్లు మొదలుపెట్టాను. రెండు యుద్ధాల్లోనూ మారనిది ఒకటుంది, సంధి మాట తెచ్చినవాడిని కాల్చే చట్టం. రెండింటికీ ఉన్న పెద్ద తేడా కూడా అదే. మొదటి యుద్ధంలో ఆ చట్టాన్ని మేమే రద్దు చేశాం.

తర్వాత హిలారియో పేరు రాశాను. కొట్టేశాను. సెన్సారుకు నేను పని తగ్గించాను.

డిసెంబర్ 24

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబర్ 25

ఇవాళా అంతే. బల్ల మీద రెండు పళ్లేలు పెట్టాను. పొరపాటు. ఒకటి తీసేశాను.

డిసెంబర్ 27, సోమవారం

సైనిక కచేరీ నుంచి పిలుపు. కెప్టెన్ కొత్తవాడు, మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు.

“తిరుగుబాటు సేన కల్నల్ సెవెరో మీకు తెలుసట.”

“తెలిసేవాడు.”

“పెద్ద యుద్ధంలో ఒకే కుండలో తిన్నారట.”

“కుండ ఉన్న రోజుల్లో.”

నవ్వాడు. తర్వాత ల్యోరెంతె మోసినలాంటిదే ఇంకో ఉత్తరం బల్ల మీద పెట్టాడు. ల్యోరెంతె మేజరు కాబట్టి కాల్చారట. నేను పాత స్నేహితుణ్ణి, పైగా పత్రికవాణ్ణి, నన్ను కాల్చరట. సెవెరో ఒప్పుకుంటే తూర్పున ఉన్న మూడు పటాలాలు ఒప్పుకుంటాయట.

కుదరదని చెప్పి లేచి వచ్చాను.

సెవెరో '78 ఫిబ్రవరిలో సంధికి చెయ్యెత్తనివాడు. ఆ శిబిరంలో చేతులెత్తిన వాళ్లను లెక్కపెట్టి కాగితం మీద వేసింది నేను. నా చేతిని కూడా నేనే లెక్కపెట్టుకున్నాను. అతను గుర్రం ఎక్కి తూర్పుకు వెళ్లాడు, అక్కణ్ణుంచి హోండురాస్. పదిహేడేళ్లు అక్కడ అరటి గెలలు మోశాడని విన్నాను. ఒక్క ఉత్తరం రాయలేదు. నేనూ రాయలేదు.

డిసెంబర్ 28

వెళ్లను. కారణాలు: ఒకటి, చట్టం. రెండు, ఆ ఉత్తరంలోని మాట మీద నాకు నమ్మకం లేదు. మూడు, మోకాలు.

సెవెరో పటాలానికి ఒక ఆసుపత్రి ఉంది. నియెవెస్ కబురు చివరిసారి వచ్చింది అక్కణ్ణుంచే. అది కారణాల్లోకి రాదు.

డిసెంబర్ 29, బుధవారం

ఎదెల్మీరా వచ్చి ఉతికిన చొక్కా ఇచ్చింది.

“మోకాలు బాగా లేనప్పుడు అంత దూరం కంచరగాడిద మీద ఎలా కూర్చుంటావు బావా?”

“వెళ్లనని చెప్పేశాను.”

“అదీ మంచిదే.” గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “వెళ్తే మాత్రం సొంత బుద్ధితో వెళ్లు. ఎవరి కాగితమో మోసుకుని వెళ్లకు. మొదటి యుద్ధంలో అందరి కాగితాలూ నువ్వే మోశావు.”

ఆమె వెళ్లాక అనిపించింది. కచేరీలో మాట నేను ఎవరికీ చెప్పలేదు.

1898 జనవరి 2, ఆదివారం

నిన్న స్వపరిపాలన కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. బ్యాండు వాయించారు. చర్చి అరుగు మీద వాళ్లు బ్యాండు వైపు చూడలేదు.

ఉత్తరం తీసుకున్నాను. మంగళవారం వెళతాను. వ్యాసం కోసమే. రెండో యుద్ధాన్ని కంటితో చూడకుండా మొదటిదానితో పోల్చడం అబద్ధం అవుతుంది. ఇరవై ఏళ్లుగా పత్రిక పనే చేస్తున్నాను. చూడనిది రాయకూడదు.

హిలారియో సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తాను.

'76 నవంబర్. అతను మాలో ఒకడు. సార్జెంటు. భార్యా ఇద్దరు పిల్లలూ ఊళ్లో స్పెయిన్ వాళ్ల చేతిలో ఉన్నారు. వాళ్లను చూడటానికి దొంగచాటుగా వెళ్లి, వచ్చేటప్పుడు మా ప్రభుత్వానికి రాసిన ఒక ముద్ర వేసిన ఉత్తరం తెచ్చాడు. తెరిచి చూస్తే సంధి షరతులు. సాయంత్రం విచారించాం. సెవెరో, ఇంకో ఇద్దరు. తీర్పు నేను రాశాను. ఉదయం కాల్చారు.

మా సేనలో ప్రతివాడికీ ఒక డైరీ ఉండేది. చదువురానివాడు పక్కవాడితో రాయించుకునేవాడు. బతికున్నవాడి డైరీ ఇంకొకడు తెరవకూడదు. చచ్చాకే తెరుస్తారు. అన్నం లేని రోజుల్లో, చొక్కాలు కూడా పంచుకున్న రోజుల్లో, మనిషికి తనదంటూ మిగిలింది అదొక్కటే. హిలారియో చనిపోయాక ఆనవాయితీ ప్రకారం అతని డైరీ నేనే తెరిచాను. చివరి పేజీలో ఉంది: స్పెయిన్ కెప్టెన్ ఒక కాగితం ఇచ్చాడు, ఖైదీల మార్పిడి గురించి అన్నాడు, పిల్లలకు రొట్టె ఇచ్చాడు, ఇది మంచిపని కదా అని తీసుకున్నాను.

అతనికి తెలియదు. ఆ రుజువు అతని జేబులోని డైరీలోనే ఉంది. విచారణలో అతను ఆ మాటే చెప్పాడు. ఎవరు చూశారని అడిగాం. ఎవరూ చూడలేదన్నాడు.

పదిహేను నెలలకు మేమందరం ఆ షరతులే ఒప్పుకున్నాం. అంతకుముందు చట్టం రద్దు చేస్తూ కాగితం రాశాం. అదీ నా చేతిరాతే.

జనవరి 4, మంగళవారం

ఉదయం ఏడుకు ఇరవై ఒకటో బురుజు పక్క గేటు తెరిచారు. '75లో ఇదే చోట పొట్ట మీద పాకి కందకం దాటాను. ఇవాళ సిపాయి గేటు పట్టుకుని నిలబడి, “వెళ్లి రండి తాతా” అన్నాడు. నాకు నలభై అయిదు.

ఆరుగంటలు ఒక్క మనిషి కనబడలేదు. ఇళ్లు లేవు, పొగ లేదు. పెద్ద యుద్ధంలో ఈ దారిలో ఊళ్లుండేవి. కాఫీ పెట్టి ఇచ్చేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు పల్లెలన్నీ సియెగో చర్చి అరుగు మీద ఉన్నాయి. ఈ యుద్ధంలో గెలిచేవాడికి ఖాళీ నేల మిగులుతుంది. ఇది వ్యాసంలోకి.

కూలిన చెరకు మిల్లులో ఆగాను. కంచరగాడిదతో కాసేపు మాట్లాడాను.

జనవరి 5, బుధవారం. చెరకు మిల్లు

ఉదయం పది గంటలకు ఉత్తరం కాల్చేశాను.

వాస్తవాలు: ముద్ర పగలగొట్టి చదివాను. మూడు పేజీలు. రెండో పేజీలో “జరిగినదంతా మరచిపోవుట” అని ఉంది. '78 ఒప్పందంలో రెండో అంశం ఇదే. ఈ మాట నేను ఆనాడు ఇరవై రెండు నకళ్లలో రాశాను. ఇరవై ఏళ్లలో వాళ్లు ఒక్క మాట మార్చలేదు. బెల్లం కాచే పొయ్యి రాళ్ల మధ్య కాగితం పెట్టి నిప్పంటించాను. బూడిద కాలితో కలిపేశాను.

ఉత్తరంలో ఏముందో గీత దాటకముందే నాకు తెలుసు. కెప్టెన్ చెప్పాడు. చట్టమూ తెలుసు. హిలారియోకు తెలియనిది నాకు తెలుసు.

మరి ఎందుకు తీసుకున్నాను? వ్యాసం కోసమని ఆదివారం రాశాను.

గీత గీసి ముడి వేస్తున్నాను. ఇది రాసేసరికి పదకొండు.

జనవరి 6, గురువారం. శిబిరం

నిన్న మధ్యాహ్నం రెండింటికి తిరుగుబాటు సేన లెఫ్టినెంట్ బెనిగ్నో, ఒక్కడే, మిల్లు గోడ మీంచి తుపాకీ గురిపెట్టి పిలిచాడు. ఇరవై అయిదేళ్లవాడు, తాత బానిస, తండ్రి పెద్ద యుద్ధంలో కార్పొరల్. నాలుగు గంటలు పక్కపక్కన వచ్చాం.

“మీరు పేపరాయన గదా. మమ్మల్ని బందిపోట్లని రాస్తారంట.”

“తిరుగుబాటుదారులని రాస్తాను. బందిపోట్లని సెన్సారు మారుస్తాడు.”

“ఆ సెన్సారుకు నా దండాలు చెప్పండి. మా అమ్మ కూడా నన్ను అట్లాగే పిలిచేది.”

అతనికి ఒక బెల్లంముక్క ఇచ్చాను. సగం కొరికి, సగం గుర్రానికి పెట్టాడు.

సెవెరో పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

“ఏరా, జుట్టంతా ఎక్కడ పారేసుకున్నావు?”

“నీ పళ్లు పారేసుకున్న చోటే.”

పెద్దగా నవ్వాడు. మనుషులు అటు తిరిగి చూశారు. అలా నవ్వడం వాళ్లు ఈమధ్య చూసినట్టు లేదు. నవ్వు ఆగాక చెయ్యి చాపాడు.

“ఉత్తరం ఇటు తే.”

“లేదు.”

“అనిసెతో, మీ ఊళ్లో నువ్వు తుమ్మితే ఇక్కడ నాకు జలుబు చేస్తుంది. రెండో తారీకున కచేరీలో తీసుకున్నావు. నాలుగో తారీకున ఏడింటికి గేటు దాటావు.”

ఎదెల్మీరా. ఎనిమిదేళ్లుగా ఆమె తెచ్చిన దుంపలు తింటూ ఆమెకేమీ తెలియదనుకున్నాను.

“కాల్చేశాను.”

“ఎవడు చూశాడు?”

“ఎవరూ చూడలేదు.”

హిలారియో విచారణలో అన్న మాటే నా నోట వచ్చింది. అతనికీ గుర్తొచ్చింది.

“అయితే అది నీ మాట. '78లో కూడా నీ మాట విన్నాను. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ మొదలెడదాం అన్నావు. ఊపిరి పదిహేడేళ్లు తీసుకున్నావు గదరా.”

వెతికారు. చెప్పులు, జీను, టోపీ లోపలి పట్టీ. తర్వాత బెనిగ్నోను వెతికారు. గత నెలలో ఇలాంటి ఉత్తరం ఒకటి చేతులు మారి, ఇద్దరు ఆఫీసర్లు అరవైమందితో గీత అవతలికి వెళ్లి లొంగిపోయారట. నాతో నాలుగు గంటలు ఒంటరిగా ఉన్నది బెనిగ్నో ఒక్కడే.

“కల్నల్ గారూ, ఈయన నాకిచ్చింది ఒక్క బెల్లంముక్క. అందులో సగం గుర్రం తినింది. దాన్నీ విచారించండి.”

ఎవరూ నవ్వలేదు. అతని కత్తి తీసుకున్నారు. నడుము మీద కత్తి లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

సెవెరో ఈ నోట్‌బుక్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి నాకు తిరిగి ఇచ్చేశాడు.

“ఇది నేను తెరవను. నీకు తెలుసు.”

“తెలుసు.”

“మొదటి యుద్ధానికి నువ్వున్నావు, చట్టం రద్దుకు నకళ్లు రాయడానికి. ఈసారి అలాంటివాడు నా దగ్గర లేడు. అర్థమైందా?”

“నీ దగ్గర నకళ్లు రాసేదెవరు?”

బయటికి చూశాడు.

జనవరి 7, శుక్రవారం

నియెవెస్ వేడి తేనెనీళ్లు తెచ్చింది. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. కుడిచేతి మధ్యవేలు మీద సిరా మచ్చ. నా వేలు మీద ఎక్కడుందో అక్కడే. వచ్చినప్పుడు ఆసుపత్రిలో కట్లు కట్టేదట. ఏడాదిగా శిబిరానికి లేఖరి. ఆమె రాత కుదురుగా ఉంటుందని సెవెరో మార్చాడట.

ఆమెను చూసి రెండేళ్ల ముప్పై తొమ్మిది రోజులు.

“ఉత్తరం పట్టుకొచ్చావట.”

“కాల్చేశాను.”

“ముందు తెచ్చి, ఆ తర్వాత కాల్చావు. నీ పద్ధతే అంత నాన్నా. ముందు యుద్ధం చేసి, ఆ తర్వాత చెయ్యెత్తినట్టు.”

“నీకప్పుడు పదినెలలు. జ్వరం. అడవిలో మీ అమ్మకు పాలు లేవు.”

“ఎన్నిసార్లు చెబుతావు అది? నన్ను అడ్డం పెట్టుకుని సంతకం పెట్టావు. నన్నడిగావా?”

“పదినెలల పిల్లను ఏమని అడగను?”

“ఇప్పుడు ఇరవై. ఇప్పుడు అడుగు.”

“ఏం చెయ్యమంటావు?”

తేనెనీళ్లు చల్లారాయి. తర్వాత ఒక మాట అంది. అది ఇక్కడ రాయను. తండ్రిని బతికించుకోవడానికి ఏ కూతురైనా అనే మాటే. '78లో బిడ్డను చూపించి నేను అన్నదీ దాదాపు అదే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమెకే తోచినట్టుంది. మధ్యలో ఆపేసి, గిన్నె తీసుకుని లేచింది.

“బెనిగ్నో ఏం చేస్తున్నాడు?” అని అడిగాను.

“గుర్రానికి నీళ్లు పెడుతున్నాడు. తనకు కాపలా ఉన్నవాడికి జోకులు చెబుతున్నాడు.”

“వాడికి తెలుసా, రేపేం జరుగుతుందో?”

“రేపు కాదు. ఆదివారం. తెలుసు.”

వెళ్లేముందు నా చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే చూసి, తన చొక్కా నుంచి తెంపి ఇచ్చింది. కుట్టలేదు. చేతిలో పెట్టి వెళ్లింది.

జనవరి 8, శనివారం

నిర్ణయం అయింది. రాసి, ముడి వేసి, ఈ నోట్‌బుక్ ఇచ్చేస్తాను.

ఐదో తారీకు పేజీ బెనిగ్నోను కాపాడుతుంది. ఉత్తరం కాలింది ఉదయం పదింటికి. అతను నన్ను చూసింది మధ్యాహ్నం రెండింటికి. ఇద్దరం చెప్పిందీ ఈ పేజీలో ఉన్నదీ ఒకటే. ప్రతిరోజు చివరా అడ్డగీత ఉంది, ముడి ఉంది. మధ్యలో ఏదీ చేర్చడానికి చోటు లేదు. ఈ సంగతి ఈ శిబిరంలో చూడగానే చెప్పగలిగేది ఒక్కరే.

ఆ పేజీయే నన్ను పట్టిస్తుంది. ఉత్తరంలో ఏముందో తెలిసి, చట్టం తెలిసి, దాన్ని గీత దాటించానని నా చేత్తో రాసి ఉంది. చేరవేయకుండా కాల్చడం తేవడం కిందికి వస్తుందా రాదా అన్నది వాళ్లు తేల్చాలి. నేను న్యాయమూర్తినైతే ఎటు చెబుతానో నాకు తెలియదు. '76లో ఏం రాశానో తెలుసు.

హిలారియో డైరీ అతను బతికుండగా తెరిచి ఉంటే అతను బతికేవాడు. నాది తెరిస్తే ఇంకొకడు బతుకుతాడు. రెండు యుద్ధాల మధ్య పోలిక రాయమన్నాడు దోన్ ప్రాక్సెదెస్. నాకు తెలిసిన పోలిక ఇది. ఆయన వేసుకోడు.

ఒక వాస్తవం ఇందులో ఎక్కడా లేదు. ఇప్పుడు రాస్తున్నాను. డిసెంబర్ 18న ల్యోరెంతె గుర్రం జీను నుంచి విప్పిన కాగితం నాకు చూపించారు. కొసన ఆ ముడి నేను నియెవెస్‌కు ఆరో ఏట నేర్పింది. అంతకుముందు పద్నాలుగు నెలలుగా ఆమె ఉందో పోయిందో నాకు తెలియదు. ఉందని ఆ తీర్పు చూసి తెలిసింది. నేను వచ్చింది వ్యాసం కోసం కాదు. ఉత్తరం కోసం కాదు. వేరే గేటు నాకు ఎవరూ తెరవలేదు.

మధ్యాహ్నం సెవెరో దగ్గరికి వెళ్లి చెప్పాను.

“ఎప్పుడైనా ఎవడైనా ఇచ్చాడట్రా, బతికుండగా?”

“నాకు తెలిసి లేదు.”

“నాకు అక్షరాలు ఆనవు. కళ్లు పోయాయి. నాతో విచారణకు కూర్చునే మిగతా ఇద్దరికీ చదువు రాదు.”

“తెలుసు.”

“అయితే చదివేది ఎవరో కూడా తెలుసుగా.”

“తెలుసు.”

“మొదటి పేజీ నుంచా?”

“మొదటి పేజీ నుంచి.”

విచారణ రేపు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలకు. ముందు బెనిగ్నోది, వెంటనే నాది. పది గంటలకు పటాలం ఇక్కణ్ణుంచి కదులుతుంది కాబట్టి తొమ్మిదిన్నరకల్లా తీర్పు అమలు కావాలని ఉత్తర్వు. సాక్ష్యం ఈ నోట్‌బుక్ ఒక్కటే. పైకి చదివేది నియెవెస్.